పండుగనాఁటి నిమిషపుటాటలు

దసరాకును సంక్రాంతికిని రెండుదినములు ముందుగా ఉప్పలు కూడలికి వచ్చి చూచినచో నొక వింత కానవచ్చును. నాచారము, ఉప్పలు పారిశ్రామికవాడలలోఁ బనిచేయువారును, మా మల్కాజిగిరిలోఁ గాపురమున్నవారును, పిల్లలను మూటలను వెంటఁబెట్టుకొని వరంగల్లు దారిని పోవు బస్సులకై గుంపులుగా నిలిచియుందురు. వారు మీ యూళ్లకే, మీ యిండ్లకే వచ్చుచున్నారు. మీరును ఇల్లు అలికించి, పిండివంటలు చేయించి, వారికొఱకుఁ గనిపెట్టుకొని యుందురు. వచ్చినవారెన్నాళ్లుందురు? తఱచుగా మూఁడుదినములు. అందొకటి ప్రయాణపు బడలికతోను, మఱొకటి తిరుగు ప్రయాణపు తొందరతోను గడచును. మిగిలిన యా యొక్కదినమునను పెద్దలు అరుగుమీఁదను, స్త్రీలు వంటయింటను, పిల్లలు ఫోను చేతఁబట్టి మూలగదిలోను ఉండిరేని, ఇల్లు నిండునుగాని కుటుంబము కూడదు. మనుమఁడు తాతగారి పాదములకు మ్రొక్కి పోవును. తాతగారితో నాలుగు మాటలాడినవాఁడు కాఁడు.

ఈ కొఱతను దీర్చుటకు నేనెఱిఁగిన యుపాయములలో మిక్కిలి సులువైనది నిమిషపుటాట. చదరంగమును నాడువారిద్దఱు, చూచువారు పదుగురు. ఒక్కొక్కప్పు డది ప్రొద్దుగ్రుంకువఱకును సాగును. చెడుగుడునకుఁ గాళ్లలో బలము కావలెను. నిమిషపుటాట కివి యేవియు నక్కఱలేదు. ఆటకు హద్దు కాలమే. హద్దు చిన్నదగుటచే నెవ్వరును తమవంతునకై యెక్కువసేపు కాచియుండనక్కఱలేదు. ఓడినవాని చిన్నతనమును ఆ నిమిషముతోనే తీఱిపోవును. బడిలో నేండ్లతరబడి పాఠములు చెప్పిన నాకుఁ దెలిసిన దొకటి కలదు: నోరు మెదపని పిల్లవాఁడు సైతము "ఒక్క నిమిషమే" యనఁగనే ముందునకు వచ్చును.

కాలమును గొలిచి పనిచేయుట మనకుఁ గ్రొత్తకాదు. క్రీ. శ. 499 నాఁటి ఆర్యభటీయములో నీ లెక్క కలదు: 60 గుర్వక్షరములు పలుకునంతకాలము, లేక 6 ప్రాణములు, ఒక విఘడియ, 60 విఘడియలు గడియ, 60 గడియలు దినము. ప్రాణమనఁగా నొక్క ఉచ్ఛ్వాసనిశ్వాసముల కాలము. నేఁటి లెక్కలో ప్రాణము 4 సెకండ్లు, విఘడియ 24 సెకండ్లు, గడియ 24 నిమిషములు. కావున 15 ప్రాణములైన నొక నిమిషము. మాకు దగ్గఱనున్న సికిందరాబాదు గడియారస్తంభము 1897లో వెలసినది. అట్టి గడియారములు రాకమునుపు, అడుగున సన్నని బెజ్జముగల రాగిగిన్నెను నీటిలోఁ దేలవిడిచి, అది మునుఁగు కాలమును గడియ యనుచుండిరి. చెడుగుడులోనైతే ఊపిరియే కొలత. కూఁత నిలిచినంతసేపే బలము. నేఁటి కబడ్డీలో నా కూఁతకు 30 సెకండ్ల హద్దు పెట్టిరి.

ఇఁక ఆటలు చెప్పెదను.

మొదటిది నిమిషమును బసిగట్టుట. అందఱును వలయముగాఁ గూర్చుండి కన్నులు మూసికొనవలెను. గడియారము చేతనున్నవారు "ఆరంభము" అనవలెను. ఎవ్వరికి నిమిషమైనదని తోఁచునో వారు మాటాడక చేయి యెత్తవలెను. సరియైన కాలమునకు దగ్గఱగా నెత్తినవారిది గెలుపు. పిల్లలు తొందరపడి ముందే యెత్తుదురు. నిత్యము జపము చేయు ముసలమ్మ తాపీగా లెక్కించి గెలుచుట నేను పలుమాఱులు చూచితిని. ఈ యాటలో వయస్సు లోపము కాదు, బలము.

రెండవది గింజలయాట. పళ్లెములోఁ జింతగింజలు, మొక్కజొన్నగింజలు, కందులు కలిపి పోసి, ఒక్క చేతితో, ఒక్కొక్క గింజగా, మూఁడు గిన్నెలలోనికి వేఱుచేయవలెను. నిమిషములో నెన్ని సరిగా వేసిన నన్ని మార్కులు. చేఁటలో బియ్యము చెఱిగి రాళ్లేఱిన చేతులకుఁ బట్టణపు కుఱ్ఱవాండ్రు చాలరు. మూఁడేండ్లలోపు పసివారిని మాత్రము గింజలకు దూరముగా నుంపవలెను. గొంతున నడ్డుపడినచోఁ బ్రాణాపాయము.

మూఁడవది పళ్లెపు జ్ఞాపకము. అడకత్తెర, సున్నపుకాయ, కవ్వము, సోల, గిద్ద, తాళపుచెవి, పోకచెక్క మొదలైన వస్తువు లిరువదింటిని బళ్లెములోఁ బెట్టి, నిమిషము చూపి, బట్ట కప్పివేయవలెను. పిమ్మట రెండు నిమిషములలోఁ బేళ్లు చెప్పవలెను. మన యవధానులు గంట లెన్ని మ్రోగినవో ధారణలో నిలుపుకొని, పద్యములు ముగిసిన తరువాతఁ జెప్పుట మీరెఱుఁగుదురు. ఇది యా ధారణాశక్తికే యింటిలోని చిన్న యభ్యాసము. అయితే అసలు లాభము వేఱు. పిల్లవాఁడు కవ్వమును జూచియుండును గాని దాని పేరెఱుఁగఁడు. "ఇదేమి తాతా?" అని యడుగును. ఆ ప్రశ్న రావలెననియే పళ్లెములోఁ బాతవస్తువులు చేర్చుమనుచున్నాను.

నాల్గవది చుట్టఱికపుటాట. నాకు మిక్కిలి యిష్టమైనదియు నిదియే. బిడ్డను నడుమ నిలిపి, చుట్టునున్నవారిని జూపి, నిమిషములో నెవ్వరేమగుదురో చెప్పించవలెను. పెద్దమ్మ, చిన్నాయన, మేనత్త, మేనమామ, వదినె, బావ అని వరుసగాఁ జెప్పినచో నొక్కొక్కదానికి నొక్క మార్కు. పట్టణములో "అంకుల్", "ఆంటీ" యను రెండుమాటలతో లోకమంతయు సరిపెట్టుకొను బిడ్డ, ఈ నిమిషములో దడబడును. తడబడినచోట మేనత్తయే నవ్వి, తాను వానితండ్రికి అక్కనో చెల్లెలినో చెప్పవలెను. రెండవమాఱు వాఁడు తప్పఁడు. పిలుపు తెలిసిన పిదప దగ్గఱితనము దానంతటదియే వచ్చును.

అయిదవది నిమ్మకాయయాట. ఒకరు వెనుదిరిగి కంచము వాయించుచుండఁగా నిమ్మకాయ చేతులు మాఱుచుండును. చప్పు డాఁగినప్పు డెవ్వరిచేత నున్నదో వారు పాటయో, పొడుపుకథయో, చిన్ననాఁటి ముచ్చటయో నిమిషములోఁ జెప్పవలెను.

ఈ యాటలు చెడకుండుటకుఁ గొన్ని కట్టుబాట్లు కావలెను. ఇంటి పెద్దలే కాలము చూడవలెను. వారిమాటకు ఎదురుమాట యుండరాదు. గడియారము కావలెనన్నఁ బిల్లల ఫోనే చాలును. మూలగదిలోని యా వస్తువు నట్టింటికి వచ్చును, దానివెంటఁ బిల్లలును వత్తురు. పిల్లలొకవైపు, పెద్దలొకవైపు జట్లు చేయరాదు. అందఱికంటెఁ బెద్దవారిని అందఱికంటెఁ జిన్నవారితోఁ గలిపి జంటలు కట్టవలెను. ఓడినవారిని ఆటనుండి తొలఁగింపరాదు. మార్కులు కూడుచుఁ బోవలెను. పందెముగా డబ్బు పెట్టరాదు. బహుమానమునకు నొక సకినమో, బెల్లపుముక్కయో చాలును. వంటయింటివారి పని ముగిసినదాఁక ఆట మొదలుపెట్టరాదు. ఈ కట్టుబాటును మఱచినయింట ఆట సగముమందికే పండుగ యగును.

ఒక్క లెక్క చెప్పి ముగించెదను. ఇరువదినలుగురు కూడిన యింటఁ దలకొక నిమిషము చొప్పున నొక యాట యాడినచో సరిగా నొక గడియ పట్టును. మూఁడుదినముల పండుగలో నూటయెనుబది గడియలు గలవు. అందొక్కటి మనుమలకై యడిగి పుచ్చుకొనుట మీ హక్కు. వారంతట వారు వచ్చి యడుగుదురని కాచియుండకుఁడు. మీరే పిలువుఁడు.