శీతలగృహమునకు ఏ వాయువు?

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలోను, మోకిల చుట్టుప్రక్కలను కూరగాయలు పండించు రైతునకు వేసవిలో ఎదురగు చిక్కు అందఱును ఎఱిగినదే. కోసిన టమాటలను మెహదీపట్నము రైతుబజారునకో బోయినపల్లి మార్కెట్టునకో చేర్చునప్పటికి ఎండ ముదురును. ఆనాడు ధర పడిపోయినచో సరకు వెనుకకు తెచ్చుకొనుటకు వీలులేదు. తెచ్చినను మఱునాటికి మెత్తబడును. నాలుగు దినములు నిలువయుంచుకొను గది యొకటి ఉన్న బాగుండునను మాట అప్పుడెల్లరి నోటను వినవచ్చును. అట్టి గదిని ఉమ్మడిగా కట్టించుకొనుట సహకార సంఘములకు తగిన పనియే. కాని యంత్రము అమ్మవచ్చినవానిని ధర అడుగుటకు ముందు, అందులో నింపు వాయువు ఏదియని అడుగవలెను. ఏలయనగా యంత్రము ఇరువది యేండ్లు నిలువవలసినది. వాయువు దొరకనినాడు యంత్రమున్నను లేనట్లే.

చలువ యనునది వేఱొకచోటినుండి తెచ్చి పెట్టు వస్తువు కాదు; వేడిని తీసివేయుటయే చలువ. క్రొత్తకుండకు చెమర్చిన నీరు ఆవిరియగుచు తనకు కావలసిన వేడిని లోపలి నీటినుండి లాగుకొనును. శీతలయంత్రము చేయునదియు నిదే. కుండనీరు గాలిలో కలిసిపోవును. యంత్రములోని ద్రవము మాత్రము గొట్టములలోనే ఆవిరియై గదిలోని వేడిని గ్రహించి, ఒత్తిడిచే మరల ద్రవమై, ఆ వేడిని వెలుపల విడిచి, తిరిగి లోనికి వచ్చును. ఒక కిలో నీరు ఆవిరియగుటకు సుమారు 580 కిలోకేలరీల వేడి పట్టును. సున్న డిగ్రీలవద్ద ఒక కిలో అమ్మోనియాకు సుమారు 300 పట్టును. ఆర్ 134ఏ అను కృత్రిమ వాయువునకు 50 అయినను పట్టదు. ప్రకృతిసిద్ధమైన ద్రవములే ఇందు బలవంతములని దీనివలన తెలియుచున్నది.

అమ్మోనియా రైతునకు పరాయిది కాదు. పశువులకొట్టములో ముక్కునకు తగులు ఘాటు దానిదే. రామగుండము కర్మాగారములో యూరియా చేయుటకు మొదట తయారుచేయునదియు అదియే. పూర్వము చెన్నపట్టణమునకు మంచుగడ్డ అమెరికానుండి ఓడలలో వచ్చెడిది. దానిని నిలువచేయుటకై 1842లో కట్టిన భవనము సముద్రతీరమున నేటికిని నిలిచియున్నది. 1870లలో జర్మనీ దేశస్థుడైన కార్ల్ లిండె అమ్మోనియాతో నడచు యంత్రమును నిర్మించిన పిమ్మట మంచును ఎక్కడికక్కడనే చేసికొనుట సులభమాయెను. గుంటూరు ప్రాంతమున మిరపకాయలు రంగు చెడకుండ నెలల తరబడి నిలుచు శీతలగిడ్డంగులలో సాధారణముగా పనిచేయుచున్నది ఈ అమ్మోనియాయే.

1930 ప్రాంతమున అమెరికాలో కృత్రిమ వాయువులు వెలువడినవి. వాసన లేదు, మండవు, ఊపిరికి విషము కావు. కనుక జనులు వానిని మెచ్చుకొనిరి. 1974లో శాస్త్రజ్ఞులు ఈ వాయువులు ఆకాశమందలి ఓజోను పొరను తినివేయునని హెచ్చరించిరి. 1987లో మాంట్రియలు ఒడంబడికచే వానిని మానుటకు దేశములు సమ్మతించినవి. వానికి బదులు వచ్చినవి ఓజోనును చెఱుపవుగాని భూమిని వేడెక్కించును. ఆర్ 404ఏ అను వాయువు ఒక కిలో వెలువడినచో, బొగ్గుపులుసు వాయువు సుమారు 3,900 కిలోలు వెలువడినంత కీడు. కావున 2016లో ఆఫ్రికాలోని కిగాలి పట్టణమున మఱొక ఒప్పందము జరిగినది. మన దేశము దానిని 2021లో ఆమోదించినది. దాని ననుసరించి ఈ వాయువుల వాడుక 2028లో ఒక హద్దునకు కట్టుబడి, 2032 నుండి తగ్గుచు, 2047 నాటికి నూటికి 85 పాళ్లు తగ్గవలెను. పాతదగు ఆర్ 22 సంగతి ఇంకను దగ్గఱనే యున్నది: 2030 తరువాత పాత యంత్రముల మరమ్మతుకు కొలదిగా తప్ప అది మిగులదు.

ఇది పెద్ద దేశముల గొడవ, మనకేమి యని కొందఱనవచ్చును. పాలకేంద్రములోని బల్క్ కూలరు గొట్టము కాఱి, వాయువు మరల నింపించినవారిని అడిగిన సమాధానము దొరకును. సరఫరా తగ్గినకొలది వెల పెరుగక మానదు. ఆ భారము సంఘముమీదనే పడును.

అట్లని అమ్మోనియా నిర్దోషమని చెప్పరాదు. గాలిలో పదిలక్షల పాళ్లకు 300 పాళ్లు కలిసినచో ప్రాణాపాయము. అంతకు ఎంతో ముందే ఘాటుచే తన్ను తాను తెలియజేయుట దాని సుగుణము. రాగిని, ఇత్తడిని అది తినివేయును, ఇనుపగొట్టములే వాడవలెను. రాగి పని మాత్రమే తెలిసిన మేస్త్రీ చేతికి దానిని అప్పగింపరాదు. మోకిల చుట్టు పొలముల నడుమ నేడు మేడలు లేచుచున్నవి గనుక ఈ విషయము మఱింత ఆలోచింపదగినది. ఇండ్ల ప్రక్కను పెద్ద అమ్మోనియా యంత్రము పెట్టుట నాకు సమ్మతము కాదు. ఊరికి దూరముగా, పలు గ్రామములకు కలిపి కట్టు పెద్ద గిడ్డంగికే అది తగును. అక్కడను అమ్మోనియాను యంత్రశాలలోనే ఉంచి, చల్లబఱచిన ఉప్పునీటిని గదులలోనికి పంపు పద్ధతి మేలు.

చిన్నగదికి ప్రొపేను మంచిది. అది వంటగ్యాసులో ఉండునదే; మండు గుణము కలది గాన కొలదిగా నింపిన యంత్రములే కొనవలెను, గాలి వచ్చు చోటనే పెట్టవలెను. దాని సోదరుడగు ఐసోబ్యూటేను ఇదివఱకే మన యిండ్లకు వచ్చియున్నది. ఫ్రిజ్జు వెనుక చీటిపై ఆర్ 600ఏ అని యున్నచో అదియే. బొగ్గుపులుసు వాయువు మండదు, చౌక. కాని 31 డిగ్రీలు దాటిన పిమ్మట ఎంత ఒత్తినను ద్రవము కాదు. మన వేసవి 40 డిగ్రీలు. అందుచే దానికి మిక్కిలి ఒత్తిడికి తాళు ప్రత్యేక యంత్రములు కావలయును. ఇప్పటికి మన గ్రామ సంఘములకు అది పొసగదు.

ఇక టమాటకు అసలు యంత్రమే అక్కఱలేని సందర్భములు పెక్కు కలవు. పది డిగ్రీలకు లోపల దినముల తరబడి ఉంచినచో పచ్చికాయ సరిగా పండదు, రుచియు చెడును. దానికి నీరే చాలును. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థవారు 1980లలో రూపొందించిన ఇటుకతొట్టి ఇట్టిది. నీడపట్టున ఇటుకలు పఱచి, సుమారు 165 సెంటీమీటర్ల పొడవు, 115 వెడల్పు, 67 ఎత్తుగల జంటగోడ కట్టవలెను. గోడల నడుమ ఏడున్నర సెంటీమీటర్ల సందు విడిచి ఏటి ఇసుక నింపవలెను. ఉదయము సాయంకాలము ఇసుకను, గోడలను తడుపుచు, పైన తడి గోనెపట్టా గాని గడ్డితడక గాని కప్పవలెను. ఇందు ఇంచుమించు ఒక క్వింటాలు సరకు పట్టును. వేసవిలో వెలుపలికంటె లోపల పది డిగ్రీలకు మించియే తగ్గును. వానకాలమున గాలి తేమగానుండుటచే తొట్టి అంతగా చల్లబడదు. అప్పుడు ఆకుకూరలు అందుంచి లాభము లేదు.