ఖరగ్‌పూర్‌లో విజయవాడ పాట: లెక్కకు అందేదెంత?

ఖరగ్‌పూర్‌లో ‘ట్రాఫిక్’ అన్న మాటకు అర్థం వేరు. అది రైల్వేలో ఒక విభాగం, బండ్ల రాకపోకలు చూసేవారి శాఖ. అందుకే కాబోలు, వెబ్‌సైట్లకు కూడా ట్రాఫిక్ ఉంటుందని నేనన్నప్పుడు మా పెదనాన్నగారి అబ్బాయి నవ్వాడు. తండ్రిలాగే అన్నయ్య కూడా అక్కడి వర్క్‌షాపులో పనిచేసి పదవీవిరమణ చేసినవాడు. ఉదయం వంటింట్లో ఫోనులో విజయవాడ కేంద్రం భక్తిరంజని వస్తుండగా అడిగాడు: “ఏరా, ఇక్కడ మేం వింటున్నామని మీవాళ్ళకి తెలుస్తాదా?”

తెలుస్తుంది, తెలియదు కూడా. రెండు మాటలకూ కొంత వివరణ అవసరం.

బెంగాల్ నాగపూర్ రైల్వే ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపులు నెలకొల్పింది. 1902లో తూర్పు తీర రైలుమార్గపు ఉత్తర భాగం కూడా ఆ సంస్థలో కలిసింది. ఆ దారినే ఉత్తరాంధ్ర కుటుంబాలు పని వెదుక్కుంటూ అక్కడికి చేరాయి. తరాలు మారినా ఇళ్ళలో తెలుగు నిలిచింది. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి ఖరగ్‌పూర్ తెలుగువారే ముఖ్య కారణం.

విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలయింది. ఖరగ్‌పూర్‌కు అక్కడి నుంచి రైలు దారిన 760 కిలోమీటర్ల పైమాటే. మీడియం వేవ్ ప్రసారం పగటిపూట అంత దూరం రాదు. ఎండ వేళ పైవాతావరణంలో విద్యుదావేశంతో ఏర్పడే దిగువ పొర ఆ తరంగాలను మింగేస్తుంది. పొద్దు గూకాక ఆ పొర కరిగిపోతుంది; అంతకంటె ఎత్తున ఉండే పొరలు తరంగాలను వంచి తిరిగి నేలకు పంపుతాయి. పెదనాన్నగారు రాత్రి భోజనమయ్యాక ట్రాన్సిస్టరును అటూ ఇటూ తిప్పి తెలుగు పాటను పట్టుకునేవారు. చరణం మధ్యలో గొంతు సన్నబడి, కాసేపటికి మళ్ళీ పైకి లేచేది. పోయిన భాగాన్ని ఆయనే పాడి పూరించేవారు.

ఆ పద్ధతిలో వినేవారు పదిమంది అయినా పది లక్షలమంది అయినా ట్రాన్స్‌మిటర్ మోసే భారం ఒక్కటే. ఎవరు విన్నారో దానికి తెలియదు. 1980ల దాకా రేడియో పెట్టెకు తపాలా కార్యాలయంలో లైసెన్సు కట్టేవాళ్ళం గనుక పెట్టెలెన్నో ప్రభుత్వానికి తెలిసేది. పెట్టె చుట్టూ చేరిన చెవులెన్నో తెలిసేది కాదు.

అంతర్జాలంలో ఈ వరుస తిరగబడింది. ప్రతి శ్రోతకూ సర్వర్ నుంచి విడిగా ఒక ధార వెళ్ళాలి. సెకనుకు 64 కిలోబిట్ల నాణ్యతతో ఒకరు గంటసేపు వింటే సుమారు 29 మెగాబైట్ల డేటా ఖర్చవుతుంది. ఒకేసారి వెయ్యిమంది వింటే సెకనుకు 64 మెగాబిట్లు పంపవలసి వస్తుంది. శ్రోతలు పెరిగిన కొద్దీ ఖర్చు పెరుగుతుంది. ఆదరణే భారమయ్యే పరిస్థితి పాత రేడియో ఎరుగనిది.

ఇక లెక్క సంగతి. చాలా ప్రత్యక్ష ప్రసారాలు పాటను కొద్ది సెకన్ల ముక్కలుగా కోసి పంపుతాయి. ఫోను ఒక్కొక్క ముక్కనూ అడిగి తెచ్చుకుంటుంది. పది సెకన్ల ముక్కలనుకుంటే గంటసేపు విన్న ఒక్క శ్రోత 360 సార్లు సర్వర్ తలుపు తట్టినట్టు. ఆ తట్టిన చప్పుళ్ళను ‘హిట్లు’ అని చూపితే కొండంత కనబడుతుంది. మనుషులను లెక్కిస్తే ఒక్కరే. తట్టేవారిలో మనుషులు కాని ప్రోగ్రాములు కూడా ఉంటాయి. మొబైల్ నెట్‌వర్కుల్లో అనేకమంది ఒకే చిరునామా పంచుకుంటారు గనుక ఖరగ్‌పూర్ శ్రోత కోల్‌కతాలోనో మరో నగరంలోనో ఉన్నట్టు నమోదు కావచ్చు. అంటే, ఒక శ్రోత ఉన్నాడని మాకు తెలుస్తుంది. ఖరగ్‌పూర్‌లో తెలుగు ఇల్లొకటి ఉందని తెలియకపోవచ్చు.

సంగీతాభిమానిగా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. స్పాటిఫై వంటి వేదికల్లో పాటను 30 సెకన్లు వింటే అది ఒక ‘శ్రవణం’గా నమోదవుతుంది. ముప్పై సెకన్లలో మన గాయకుడు శ్రుతి సరిచూసుకుని రాగం పేరు తలపుకు తెచ్చే ఒకటి రెండు సంచారాలు చేస్తాడు, అంతే. అక్కడ ఆపినవాడూ, పల్లవి నుంచి మంగళం దాకా కూర్చున్నవాడూ ఆ లెక్కలో సమానులు. విజయవాడ కేంద్రం 1948లో మొదలయింది. బాలమురళీకృష్ణ, వోలేటి వెంకటేశ్వర్లు, రజనీకాంతరావుగార్లు పనిచేసిన ఆ చోట ఆనాటి కార్యక్రమాలకు ఈ కొలబద్ద పెట్టి ఉంటే ఎన్ని మిగిలేవో! ఇది చాదస్తమని యువ సహోద్యోగులు అంటారు, అననివ్వండి. ఒక కార్యక్రమాన్ని ఉంచాలా తీసెయ్యాలా అన్న చర్చ వచ్చినప్పుడు బల్ల మీద ముందుగా కనబడేది మాత్రం ఈ అంకెలే. ఎక్కడెక్కడో విడివిడిగా ఉన్న కొద్దిమంది శ్రోతల వైపు నుంచి ఆ కాగితం ఏమీ మాట్లాడదు.

కొత్త సాంకేతికతను నిందించి ప్రయోజనం లేదు. పగలు ఖరగ్‌పూర్‌లో విజయవాడ నిర్మలంగా వినబడటం పెదనాన్నగారు ఊహించనైనా ఊహించని సంగతి. ఏ నిమిషంలో ఎంతమంది వెళ్ళిపోయారో, ఎంతమంది చివరిదాకా ఉన్నారో కూడా ఈ సాధనాలే చెప్పగలవు. మొత్తం హిట్లకు బదులు సగటున ఒక్కొక్కరు విన్న సమయం చూడమని నేను మా సమావేశాల్లో అడుగుతూ ఉంటాను. దానితో పాటు ఉత్తరాలు, ఈమెయిళ్ళు కూడా చదవాలి. ఊరి పేరు రాసి ఉత్తరం పంపిన శ్రోత ఏ నగరం ఖాతాలోనూ కలిసిపోడు.

ఆ మాటే అన్నయ్యకు చెప్పి, ఒక ఉత్తరం రాయమన్నాను. అప్పటికి ఫోను వంటింటి అలమారలో స్టీలు గిన్నెలో పెట్టి ఉంది. అలా పెడితే ధ్వని పెరుగుతుందట. వదిన, కోడలు, బడికి తయారవుతున్న మనవరాలు, అన్నయ్య నలుగురూ వింటున్నారు. సర్వర్ లెక్కలో ఒకరు. ముక్కలు పోగై చేరేసరికి ఆలస్యమవుతుంది గనుక వార్తలకు ముందు టైము చెప్పేసరికి గోడ గడియారం అర నిమిషం ముందుంది. అన్నయ్య మొదట దాన్నే అనుమానించి, స్టూలెక్కి ముల్లు వెనక్కి తిప్పబోయాడు.