సియోల్ అంగళ్లు: ఏది ఎవరి కోసం?

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌కు తొలిసారి వెళ్లేవారిలో చాలామంది ఏ వస్తువు ఎక్కడ చౌకగా దొరుకుతుందని ఆరా తీస్తారు గాని, అంతకంటే ముందు తెలుసుకోవలసింది ఏ అంగడి ఎవరి అవసరం కోసం వెలిసిందన్న సంగతి. చిల్లర వ్యాపారుల కోసం రాత్రంతా తెరిచి ఉండే టోకు బజారు, స్థానికులు ఇంటి సరుకులు తెచ్చుకునే మార్ట్, విదేశీ యాత్రికుల కోసమే ముస్తాబైన వీధి ఆ నగరంలో కూతవేటు దూరంలోనే ఉంటాయి. అయినా ధర, బేరం, సరుకు వాపసు, చివరికి బట్టలు తొడిగి చూసుకోవడం కూడా ఒక్కోచోట ఒక్కో తీరుగా సాగుతాయి.

టోకు బజార్లలో పేరుమోసినది పాత కోట తూర్పు ద్వారం పేరుతో పిలిచే డాంగ్‌డేమున్. కొరియా యుద్ధం తర్వాత ఉత్తరాది నుంచి వచ్చిన శరణార్థులు చంగ్యేచన్ వాగు గట్టున బట్టలు కుట్టి అమ్ముకోవడంతో ఇక్కడి వ్యాపారం వేళ్లూనుకొని, 1960లలో శాంతి అనే అర్థం గల ‘ప్యోంగ్వా’ బజారుగా స్థిరపడింది. పేరులో ఉన్న శాంతి కుట్టుపని గదుల్లో లేదు. గాలి చొరని ఆ ఇరుకు గదుల్లో చిన్న వయసు ఆడపిల్లలు పొద్దంతా, రాత్రి పొద్దుపోయేదాకా పనిచేసేవారు. కార్మిక చట్టాన్ని అమలు చేయాలని కోరుతూ జియోన్ టే-ఇల్ అనే 22 ఏళ్ల యువకుడు 1970 నవంబరు 13న ఆ బజారు ముందే ఒంటికి నిప్పంటించుకుని ప్రాణత్యాగం చేశాడు. వాగు మీది వంతెనపై ఆయన విగ్రహం ఉంది. వాస్తుశిల్పి జహా హదీద్ రూపకల్పన చేయగా 2014లో ప్రారంభమైన వెండిరంగు డిజైన్ ప్లాజా ముందు ఫొటోలు దిగే యాత్రికులు, ఆ వంతెన దాకా నడిస్తే చేతిలోని చొక్కా వెనకున్న చరిత్ర కొంతైనా తెలుస్తుంది.

ఇక్కడి టోకు భవనాల్లో చీకటి పడ్డాకే సందడి మొదలై తెల్లవారుజాము దాకా సాగుతుంది. గుడ్డ అమ్మే భవనాలు, దగ్గరలోని చాంగ్‌షిన్-డాంగ్ పేటలో కుట్టుపని చేసే చిన్న కార్ఖానాలు, వాటి మధ్య మూటలు మోసుకు తిరిగే మోటారు సైకిళ్లు అన్నీ ఒకే చోట అల్లుకుపోయి ఉండటం వల్ల కొత్త డిజైను కొద్ది రోజుల్లోనే దుకాణానికి చేరుతుంది. ఊళ్లలోని చిల్లర వ్యాపారుల తరఫున సరుకు సేకరించి పంపే మధ్యవర్తులను ‘సాఇప్ సమ్‌చన్’, అంటే సరుకు కొనే బాబాయిలు, అంటారు. ఈ హడావిడిలో ఒక్క చొక్కా కోసం వచ్చినవారిని దుకాణదారులు అంతగా పట్టించుకోరు. తొడిగి చూడనివ్వకపోవడం, నగదే అడగడం, అమ్మిన సరుకు వాపసు తీసుకోకపోవడం అక్కడ మామూలే. ఒకటి రెండు కొనుక్కునేవారు అదే ప్రాంతంలోని బహుళ అంతస్తుల చిల్లర దుకాణాలకు వెళ్లడం మేలు.

1414లో మొదలైనదిగా చెప్పే నామ్‌డేమున్ బజారులో టోకు, చిల్లర కలిసే నడుస్తాయి. 1905లో ఏర్పడిన గ్వాంగ్‌జాంగ్ బజారు పట్టుబట్టలకూ తినుబండారాలకూ పేరుపొందింది. నానబెట్టిన పెసరపప్పు రుబ్బి పెనం మీద వేసే ‘బిందేతోక్’ అక్కడి ప్రత్యేకత. చూడటానికి మన పెసరట్టుకు దూరపు చుట్టంలా ఉన్నా, అందులో తరచు పంది మాంసం కలుస్తుంది కాబట్టి శాకాహారులు అడిగి తెలుసుకోవాలి. ఇలాంటి సంప్రదాయ బజార్లలో నాలుగైదు వస్తువులు కొన్నప్పుడు కొద్దిగా బేరమాడవచ్చు, ఒక్కోసారి కొసరు కూడా దక్కుతుంది. డిపార్ట్‌మెంట్ స్టోర్లలో ఆ మాటే ఉండదు.

బేరానికి ముందు లెక్క తెలియాలి. కొరియన్లు పెద్ద మొత్తాలను పదివేల చొప్పున లెక్కిస్తారు, పదివేలను ‘మన్’ అంటారు. అమ్మకందారు ‘సమ్ మన్’ అంటే మూడు పదివేలు, అంటే 30,000 వోన్లు. వేలూ లక్షలూ తప్ప నడుమ మరో మెట్టు ఎరుగని తెలుగువారు దాన్ని మూడు వేలుగా పొరబడవచ్చు. 10,000 వోన్లు స్థూలంగా 600 రూపాయలకు కాస్త అటూ ఇటూ అనుకుంటే మనసులో లెక్క కుదురుతుంది. చెప్పుల సైజులు మిల్లీమీటర్లలో, 240, 250 అన్న అంకెలతో ఉంటాయి.

సౌందర్య సాధనాల కోసం యాత్రికులు ఎగబడే మ్యోంగ్‌డాంగ్ వీధిలో భాష సమస్య తక్కువ, మొహమాటపెట్టి కొనిపించే నేర్పు ఎక్కువ. అయితే అక్కడ కనిపించే ఆలివ్ యంగ్ దుకాణాలు నగరమంతటా ఉన్నాయి. ఏ వస్తువూ 5,000 వోన్లు దాటని డైసో దుకాణాలు చిన్న కానుకలకు సరిపోతాయి. నిల్వ పదార్థాలు కొనాలంటే స్థానికులు వెళ్లే పెద్ద మార్ట్‌లే నయం, కాని పాత బజార్లకు రక్షణగా 2012 నుంచి అమలవుతున్న నిబంధన ప్రకారం అవి నెలకు రెండు రోజులు మూసి ఉంటాయి. చాలాచోట్ల అవి రెండో, నాలుగో ఆదివారాలు; ఈ మధ్య కొన్ని పేటల్లో పనిరోజులకు మార్చారు. బిల్లు కట్టే చోట అమ్మే సంచి నిజానికి చెత్తసంచి: పారేసే చెత్తకు పరిమాణాన్ని బట్టి రుసుము వసూలు చేసే పద్ధతి 1995లో వచ్చాక, ఆ రుసుము సంచి ధరలోనే కలిసిపోయింది. ఇంటివారికి అది సరుకులకూ చెత్తకూ పనికొస్తుంది, హోటల్లో దిగినవారు మాత్రం సొంత సంచి తీసుకెళ్లాలి.

ధరలో కలిసి ఉండే 10 శాతం విలువ ఆధారిత పన్నులో కొంత విదేశీ యాత్రికులు తిరిగి పొందవచ్చు. ఈ పథకంలో చేరిన దుకాణంలో ఒకేసారి కనీసం 15,000 వోన్ల సరుకు కొని పాస్‌పోర్టు చూపితే, కొన్నిచోట్ల అక్కడికక్కడే పన్ను తగ్గిస్తారు, మిగిలిన చోట్ల రసీదు ఇస్తారు. నిర్వహణ రుసుము మినహాయిస్తారు గనుక పన్ను పూర్తిగా చేతికి రాదు. కొన్న నాటి నుంచి మూడు నెలల్లోగా సరుకుతో దేశం దాటాలి. ఇంచియాన్ విమానాశ్రయంలో రసీదులను యంత్రం దగ్గర నమోదు చేసేటప్పుడు కస్టమ్స్ సిబ్బంది వస్తువులు చూపమని అడగవచ్చు. వంద మిల్లీలీటర్లు దాటిన క్రీములు, ద్రవాలు చేతిసంచిలో తీసుకెళ్లడానికి వీల్లేదు కాబట్టి, పెట్టెను విమాన సంస్థకు అప్పగించక ముందే ఈ పని ముగించుకోవాలి.