ముడుతల కొండల్లో క్షేత్ర సర్వేయే కీలకం

అశ్వారావుపేట: భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఆగ్నేయ అంచున ఉన్న అశ్వారావుపేట ప్రాంతం రెండు భిన్నమైన శిలా మండలాల నడుమ ఉంది. సత్తుపల్లి, చింతలపూడి వైపు బొగ్గును ఇముడ్చుకున్న గోండ్వానా ఇసుకరాళ్లు విస్తరించగా, పాపికొండల వైపు తూర్పు కనుమల ప్రాచీన శిలలు కనిపిస్తాయి. ఈ రెండింటిలో భూగర్భ అన్వేషణ తీరు ఒకటి కాదు.

గోండ్వానా పొరలు చాలాచోట్ల స్వల్ప వాలుతో ఉండి, భ్రంశాల వద్ద తెగి ఉంటాయి. 1871లో ఇల్లెందు సమీపాన బొగ్గును గుర్తించిన భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ శాస్త్రవేత్త విలియం కింగ్ పేరే అక్కడి ముఖ్య పొరకు 'కింగ్ సీమ్'గా స్థిరపడింది.

తూర్పు కనుమలలోని ఖొండలైటు, చార్నొకైటు శిలలు భూమి లోతుల్లో తీవ్రమైన వేడికి, ఒత్తిడికి లోనై పలుమార్లు ముడుతలు పడ్డాయి. మడతపెట్టిన చాపను అంచువైపు నుంచి చూస్తే ఒకే చాప పలు చాపలుగా తోచినట్లు, ఇక్కడ ఒకే పొర పలుచోట్ల బయటపడుతుంది. వాటిని వేర్వేరు పొరలుగా లెక్కిస్తే ఖనిజ నిల్వల అంచనా తారుమారవుతుంది.

గుట్టకు ఇరువైపులా ఒకే పొర కనిపిస్తే దాని వాలును కొలవాలి. రెండు వాలులూ లోపలికి ఉంటే అది అభినతి. పొర గుట్ట కింద కలిసే అవకాశముంది. వెలుపలికి ఉంటే అపనతి. పొర కలిసిన పైభాగం కోతకు గురై పోయినట్లే. అక్కడ నడుమ తవ్వినా ఆ పొర దొరకదు. ముడుత పక్కకు ఒరిగితే రెండు వాలులూ ఒకే దిశను చూపుతాయి. కనుక ఒకటి రెండు కొలతలతో నిర్ణయానికి రావడం ప్రమాదకరం.

పటం స్కేలు కూడా ముఖ్యమే. 25 మీటర్ల వెడల్పున్న గ్రాఫైటు పొర 1:50,000 పటంపై అర మిల్లీమీటరు గీత మాత్రమే. 1:5,000 పటంపై అదే 5 మిల్లీమీటర్లు ఉండి, దాని మలుపులు స్పష్టమవుతాయి. ఉపగ్రహ చిత్రాలు పెద్ద గీతలను చూపినా, అడవి, మట్టి కప్పిన చోట శిల వాలును తెలుపలేవు. వాగు గట్ల వెంబడి దిక్సూచి, సుత్తి చేతబట్టి నడవక తప్పదు.

దీని ప్రయోజనం గనులకే పరిమితం కాదు. గట్టి రాళ్లలో నీరు శిథిలమైన పైపొరలో, పగుళ్లలోనే నిలుస్తుంది. పగుళ్ల తీరు తెలియకుండా వేసిన బోరు ఎండిపోతే ఆ భారం రైతుపైనే పడుతుంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం, 2024 డిసెంబర్ 4న ములుగు ప్రాంతాల్లో వచ్చిన భూకంపాలు గోదావరి లోయలోని భ్రంశాలను గుర్తించాల్సిన అవసరాన్ని చాటాయి.

సర్వేక్షణ సంస్థ పటాలు 'భూకోశ్' వెబ్‌సైట్‌లో లభిస్తున్నాయి. అయితే అవి ప్రాంతీయ స్థాయి పటాలే. బోరుకు, వంతెనకు, గనికి స్థలం ఎంపిక చేసే ముందు ఆ చోట క్షేత్ర పరిశీలన జరపడమే నష్టాన్ని తగ్గించే మార్గం.