డోర్‌లోంచి నీళ్లు, ఐస్ వచ్చే ఫ్రిజ్: మన ఊళ్లో కొనేముందు, వాడేముందు

గ్లాసు ఆనిస్తే చాలు చల్లటి నీళ్లు, ఐస్ ముక్కలు డోర్‌లోంచే పడిపోయే ఫ్రిజ్‌లు ఇప్పుడు శ్రీకాకుళం, విజయనగరం షోరూముల్లో కూడా కనిపిస్తున్నాయి. చూడ్డానికి భలే ఉంటది. కానీ ఆ డోర్ వెనకాల నీళ్లు ఎక్కడ్నుంచి వస్తున్నాయి? ఈరోజు అదే చూద్దాం.

ముందు పేర్ల గోల. షాపులో "ఐస్ మేకర్ ఉంది సార్" అంటారు. తెరిచి చూస్తే చాలా మోడళ్లలో అది నాబ్ తిప్పితే ముక్కలు రాలే ట్రే, అంతే. నీళ్లు మనమే పోయాలి. ఇంకొన్నిటికి లోపల మూడు నాలుగు లీటర్ల ట్యాంకు ఉంటది, మనం నింపితే డోర్‌లోంచి వస్తాయి. ఇంకో రకం వెనకాల సన్నటి పైపుతో నేరుగా కుళాయి లైనుకి కలిపేది. బిల్లు కట్టకముందే అడగండి: పైపు కావాలా, ట్యాంకు నింపాలా? ట్యాంకు నీళ్లతో ఐస్ కూడా తయారవుద్దా, లేక చల్లనీళ్లేనా?

నిజమైన ఆటోమేటిక్ ఐస్ మేకర్ పని చాలా సింపుల్. ఒక వాల్వ్ కొన్ని సెకన్లు తెరుచుకుంటది, అచ్చులోకి నీళ్లు పడతాయి. అచ్చుకి ఉన్న సెన్సార్ "గడ్డకట్టింది" అని చెప్పగానే చాలా మోడళ్లలో చిన్న హీటర్ అంచుల్ని కాస్త కరిగిస్తది, మోటార్ తిరిగి ముక్కల్ని డబ్బాలోకి తోసేస్తది. డబ్బా నిండితే పక్కనున్న కడ్డీ పైకి లేచి ఆగిపోతది. అర్ధరాత్రి వంటింట్లో దబ్బున శబ్దమొస్తే దొంగలు కాదు, అదే.

ఇక్కడ గమనించండి, వాల్వ్ కొలిచేది లీటర్లని కాదు, టైముని. ప్రెషర్ తక్కువుంటే ఆ కొన్ని సెకన్లలో నీళ్లు సరిపడా పడవు. మన ఇళ్లలో అసలు తంటా ఇదే. పది మీటర్ల ఎత్తున్న నీళ్లకి సుమారు 14 పీఎస్ఐ ప్రెషర్ వస్తది. ఒక ఫ్లోర్ డాబా ఇంట్లో పైన సింటెక్స్ ట్యాంకుకీ, వంటింట్లో ఫ్రిజ్‌కీ మధ్య ఎత్తు మూడు నాలుగు మీటర్లు. అంటే 4 నుంచి 6 పీఎస్ఐ. పైపు మోడళ్లు చాలావాటికి కనీసం 20 కావాలి. అప్పుడు "ఏటిది, ఐస్ అప్పడంలాగొస్తంది" అంటాం. ఇంకా చికాకు ఏంటంటే, ఆ వాల్వ్ గట్టిగా మూసుకోడానికి కూడా నీటి ప్రెషరే సాయం. అది లేకపోతే చుక్క చుక్క కారి ఐస్ డబ్బా మొత్తం ఒకటే గడ్డ. కంపెనీని తిట్టేముందు ప్లంబర్‌తో ప్రెషర్ చూపించండి. చిన్న బూస్టర్ పంపు పెడితే సరిపోవచ్చు. నన్నడిగితే సొంత డాబా ఇంటికి ట్యాంకు నింపే మోడలే మేలు.

ఇప్పుడు ఫిల్టర్ సంగతి. ఫ్రిజ్‌లో ఉండేది ఎక్కువగా కార్బన్ ఫిల్టర్. క్లోరిన్ వాసన, రుచి తగ్గిస్తది. కరిగి ఉన్న ఉప్పులు, అంటే టీడీఎస్, తగ్గించదు. అది ఆర్‌ఓ పని. బీఐఎస్ ప్రకారం తాగే నీళ్లలో టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపుండాలి, వేరే దారి లేకపోతే 2000 దాకా. మీటర్ కొన్ని వందల్లో దొరుకుద్ది. అయితే అది క్రిములున్నాయో లేదో చెప్పదు. ఫ్రీజర్ కూడా క్రిముల్ని చంపేస్తదనుకోకండి. కామెర్లు తెచ్చే వైరస్ ఐస్‌లో కూడా బతుకుద్ది.

మా వైపు ఈ మాట ఊరికే చెప్పట్లేదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకింత ఎక్కువో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు, నీళ్లే కారణమని రుజువూ కాలేదు. అయినా బోరు నీళ్ల మీద ఆధారపడకుండా హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చే 700 కోట్ల పథకాన్ని 2023 డిసెంబర్ 14న ప్రారంభించారు. కవిటి, సోంపేట, పలాస లాంటి ఏడు మండలాలకి. అలాంటి చోట "ఫ్రిజ్‌లో ఫిల్టర్ ఉంది కదా" అని బోరు లైను కలిపెయ్యడం తప్పు. మీరు ఏ నీళ్లు తాగుతున్నారో అవే ఫ్రిజ్‌లో పొయ్యండి.

ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు. డయాలసిస్ మీదున్నవాళ్లకి రోజుకి ఇన్ని నీళ్లే అని డాక్టర్ లెక్క ఇస్తారు. నోరెండిపోతే ఐస్ ముక్క చప్పరిస్తే ఉపశమనమే, కానీ ఆ ఐస్ కూడా నీళ్ల లెక్కలోకే వస్తది. ఆటోమేటిక్ డబ్బాలోంచి చేతికొచ్చినన్ని తీసుకుంటే లెక్క పోతది. అలాంటి ఇంట్లో మన పాత ట్రేయే మంచిది: 100 మిల్లీలీటర్లు కొలిచి పోస్తే పది ముక్కలు, ఒక్కోటి పది. అమ్మమ్మ రోజంతా ఎన్ని తిందో తెలుస్తది.

మిగతావి గబగబా. కొత్త ఫ్రిజ్ అయితే మొదటి పది లీటర్ల దాకా నీళ్లు, మొదటి రోజు ఐస్ పారబొయ్యండి. ఆ నీళ్లు మొక్కలకి సరిపోతాయి. నింపే ట్యాంకుని వారానికోసారి కడగండి, లోపల జిగురు పట్టుద్ది. ఫిల్టర్ ఆర్నెల్లకోసారి మార్చాలి, దాని ధర కూడా కొనేముందే అడగండి. పనస తొనలు, ఎండు చేపలు మూత లేకుండా పెడితే ఐస్‌కి ఆ వాసన పట్టేస్తది, మజ్జిగలో వేసుకుంటే తెలుస్తది!

కరెంటు పోయినప్పుడు కూడా చూసుకోండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకి మన దగ్గర రోజుల తరబడి కరెంటు లేదు. అలా పోయి వచ్చాక డబ్బాలో కరిగిన ఐస్ మళ్లీ ఒకే బండలా గడ్డకడుద్ది, దాన్ని తిప్పబోయి మోటార్ ఇరుక్కుంటది. కాబట్టి తుపాను కబురు రాగానే ఐస్ మేకర్ ఆఫ్ చేసి, పైపు వాల్వ్ కట్టేసి, ఉన్న ఐస్‌ని కవర్లలోకి తీసి ఫ్రీజర్లో ఆహారం చుట్టూ సర్దండి. కరెంటొచ్చాక డబ్బా కడిగి ఆరబెట్టి, అప్పుడు ఆన్ చెయ్యండి.

మీ ఇంట్లో ట్యాంకు ఎత్తెంతో, టీడీఎస్ ఎంతొచ్చిందో రాసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో బూస్టర్ పంపు పెట్టడం చూపిస్తా. ఉంటాను మరి.