పాత స్పోర్ట్స్ కారు బేరం: ధర కంటె తరుగు లెక్కే ముఖ్యం

నర్సీపట్నం: ఏజెన్సీ నుంచి దిగే చింతపండును గాని, అనకాపల్లి యార్డులో వేలం పాడిన బెల్లాన్ని గాని నిల్వకు కొనే వర్తకుడు ధరతో పాటు తరుగును కూడా లెక్కలోకి తీసుకొంటాడు. వానాకాలంలో బెల్లం చెమర్చి ఎంత కారుతుంది, చింతపండు ఆరి ఎంత తగ్గుతుంది, గోదాము అద్దె ఎంత, పెట్టుబడిపై వడ్డీ ఎంత అన్న అంకెలు వేసుకొన్న తర్వాతనే బేరం కుదుర్చుకొంటాడు. అదే వర్తకుడు నాలుగైదేళ్ళు వాడిన విదేశీ స్పోర్ట్స్ కారు సగం కంటె తక్కువ ధరకు వస్తున్నదని వినగానే ఈ లెక్కను పక్కన పెట్టే ప్రమాదం ఉన్నది.

కొత్తగా కోటిన్నర పలికిన కారు రు. 60 లక్షలకు దొరికితే 90 లక్షలు మిగిలినట్లు కనిపిస్తుంది. కాని ఆ 90 లక్షలు మొదటి యజమాని పోగొట్టుకొన్న సొమ్ము. రెండవ యజమాని లెక్క 60 లక్షల వద్ద కొత్తగా మొదలవుతుంది. అక్కడి నుంచి కారు విలువ నెమ్మదిగానే తగ్గవచ్చు. అయితే దాని టైర్లు, బ్రేకులు, విడిభాగాలు మాత్రం కోటిన్నర కారు ధరలకే వస్తాయి. ధర పాత కారుది, పోషణ కొత్త కారుది అన్న సంగతిని బేరగాడు మొదటనే గ్రహించవలసి ఉన్నది.

మూడు పద్దులు

ఇటువంటి కారు అసలు ఖర్చు మూడు పద్దులలో తేలుతుంది. కొన్న ధరకు, తిరిగి అమ్మగల ధరకు మధ్య తేడా మొదటిది. ఉంచుకొన్నంత కాలం పడే బీమా, మరమ్మతు, టైర్లు, రవాణా ఖర్చు రెండవది. అందులో ఇరుక్కున్న పెట్టుబడిపై వడ్డీ మూడవది.

ఉదాహరణకు, రు. 60 లక్షలకు కొన్న కారు మూడేళ్ళ తర్వాత 45 లక్షలకు అమ్ముడుపోయిందనుకొంటే తరుగు 15 లక్షలు, అనగా ఏడాదికి 5 లక్షలు. పోషణకు ఏడాదికి 4 లక్షలు వేసుకోవచ్చు. నూటికి 12 వంతున 60 లక్షలపై వడ్డీ ఏడాదికి 7 లక్షల 20 వేలు. మొత్తం ఏడాదికి 16 లక్షల 20 వేలు అవుతున్నది. ఏడాదికి 3,000 కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరుకు రు. 540 పడినట్లు లెక్క.

అదే కారును కొత్తగా కోటిన్నరకు కొని మూడేళ్ళకు 90 లక్షలకు అమ్మితే ఏడాదికి తరుగే 20 లక్షలు, వడ్డీ 18 లక్షలు, పోషణ 4 లక్షలు, వెరసి 42 లక్షలు. కాబట్టి కొత్తదాని కంటె పాతది చవక అనే మాటలో అబద్ధం లేదు. కాని పాత కారు పద్దులలో అన్నిటికంటె పెద్దది తరుగు కాదు, వడ్డీ. సొంత డబ్బుతో కొన్నాను, వడ్డీ ఎక్కడిదని కొందరు అనవచ్చు. సీజనులో రెండు మూడు సార్లు తిరగవలసిన పెట్టుబడి షెడ్డులో నిలబడిపోయినప్పుడు పోయిన లాభమే ఆ వడ్డీ.

ఈ కారు ధర మున్ముందు పెరుగుతుందని అమ్మేవారు చెప్పినప్పుడు కూడా ఈ మూడు పద్దులతోనే మాటను తూచాలి. పై ఉదాహరణలో మూడేళ్ళకు నష్టం లేకుండా బయటపడాలంటే అసలు 60, పోషణ 12, వడ్డీ 21.6 కలిపి రు. 93 లక్షల 60 వేలకు కారు అమ్ముడుపోవాలి. ధర పెరగకుండా నిలకడగా ఉన్నా ఏడాదికి 11 లక్షల 20 వేలు చేతి నుంచి పోతున్నట్లే.

బీమా తరుగు, పద్దుల తరుగు, బజారు తరుగు

తరుగు అన్న ఒకే మాటను బీమా కంపెనీ, ఆదాయపు పన్ను శాఖ, బజారు మూడు అర్థాలలో వాడుతున్నవి. వీటిని కలగాపులగం చేయడం వలననే చాలా బేరాలు దెబ్బతింటాయి.

మోటారు బీమా టారిఫ్ ప్రకారం అదే మోడల్ కొత్త కారుకు తయారీదారు ప్రకటించిన ధర నుంచి ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15 శాతం, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, ఐదేళ్ళ లోపు 50 శాతం తగ్గించి విలువ కడతారు. ఐదేళ్ళు దాటిన కారుకు కంపెనీ, యజమాని కలిసి విలువ నిర్ణయించుకొంటారు. కారు దొంగతనమైనా, పూర్తిగా ధ్వంసమైనా చెల్లించే గరిష్ఠ మొత్తం ఇదే. ఇది బజారు ధర కాదు. పాక్షిక నష్టంలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి 50 శాతం, ఫైబర్ గ్లాసు భాగాలకు 30 శాతం తరుగు కోస్తారు. తరుగు లేని అదనపు పాలసీ లేకపోతే ఆ భాగం యజమాని భరించవలసిందే. పాత కార్లకు అటువంటి పాలసీ దొరకడం కష్టం కాబట్టి బేరానికి ముందే బీమా కంపెనీని విచారించడం మంచిది.

వ్యాపారం పేరిట కొన్న కారుకు 1961 ఆదాయపు పన్ను చట్టం క్రింద నిర్ణయించిన తరుగు రేటు 15 శాతం. ఏటా మిగిలిన విలువపైనే దీనిని లెక్కిస్తారు. కోటి రూపాయల కారు పద్దు మొదటి ఏడాది చివర 85 లక్షలు, రెండవ ఏడాది 72.25 లక్షలు, మూడవ ఏడాది 61.41 లక్షలుగా నిలుస్తుంది. కొన్న ఏడాదిలో 180 రోజుల కంటె తక్కువ వాడితే ఆ ఏటికి సగమే. సొంత వాడకానికి చెందిన భాగం చెల్లదు. విదేశీ కార్ల విషయంలో ఒకప్పుడు ఈ సదుపాయమే లేదు. 1975 ఫిబ్రవరి 28 తర్వాత, 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న విదేశీ తయారీ కారుకు, పర్యాటకులకు అద్దెకు తిప్పేది గాని, విదేశంలో వ్యాపారానికి వాడేది గాని అయితే తప్ప తరుగు మినహాయింపు ఇచ్చేవారు కాదు.

ఈ పద్దుల తరుగు అమ్మకం నాడు మళ్ళీ ఎదురవుతుంది. 2025 జనవరి 16 నుంచి జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ గలవారు పాత కారు అమ్మితే లాభపు తేడాపై 18 శాతం పన్ను విధించారు. తరుగు మినహాయింపు పొందిన కారుకు అమ్మిన ధర నుంచి పద్దులో మిగిలిన విలువను తీసివేయగా వచ్చేదే ఆ తేడా. పై కారు పద్దు 61.41 లక్షలు ఉండగా 70 లక్షలకు అమ్మితే తేడా 8.59 లక్షలు, దానిపై పన్ను సుమారు 1 లక్షా 55 వేలు. 55 లక్షలకే అమ్మితే తేడా లేదు కాబట్టి పన్ను కూడా లేదు. రిజిస్ట్రేషన్ లేని వ్యక్తి తన సొంత కారు అమ్ముకొంటే ఈ పన్ను వర్తించదు.

ఇక మూడవది బజారు తరుగు. దీనికి ఏ పట్టికా లేదు. కొనేవారు ఎందరున్నారన్నదే దీని కొలత. సాధారణ కార్లకు నర్సీపట్నం, తుని, అనకాపల్లి పట్టణాలలోనే కొనేవారు దొరుకుతారు. రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకు గిరాకీ హైదరాబాద్, బెంగుళూరు వంటి మహానగరాలలోనే. అమ్మకానికి నెలలు పట్టడం, దళారీ కమీషను, అక్కడి వరకు లారీపై తరలింపు అన్నీ తరుగులోనే కలుస్తాయి.

సుంకం మారితే సరుకు మారినట్లే

నూనె వర్తకులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ముడి వంటనూనెలపై మూల దిగుమతి సుంకాన్ని 2024 సెప్టెంబరు 14న సున్నా నుంచి 20 శాతానికి పెంచారు. 2025 మే చివర దానిని 10 శాతానికి తగ్గించారు. రెండుసార్లూ గోదాములోని సరుకు విలువ రాత్రికి రాత్రి మారింది.

విదేశీ కారు ధరలో కూడా లోహం కంటె పన్నే ఎక్కువ. 2025 బడ్జెట్ ప్రకారం 40 వేల డాలర్లు మించిన పూర్తి తయారీ కార్లపై మూల సుంకం 70 శాతం, వ్యవసాయ సెస్సు 40 శాతం, మొత్తం 110 శాతం. రు. 100 విలువ గల కారు రేవు దాటేసరికి రు. 210 అవుతుంది. పెద్ద కార్లపై 2025 సెప్టెంబరు 22న అమలులోకి వచ్చిన 40 శాతం జి.ఎస్.టి. దానిపై పడితే రు. 294. డీలరు లాభం, రాష్ట్ర జీవితకాలపు పన్ను ఇంకా వేరు. అంతకుముందు పరిహారపు సెస్సుతో కలిపి పెద్ద కార్లపై 50 శాతం వరకు పడేది. అది తగ్గినప్పుడు కొత్త కార్ల ధర దిగి, పాత కార్ల ధరకు గల పైకప్పు కూడా దిగింది. 2025 జూలై 24న బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో నిర్ణీత సంఖ్య మేరకు కార్లపై సుంకాన్ని క్రమంగా 10 శాతానికి తగ్గించడానికి అంగీకారం జరిగింది. ఆస్టన్ మార్టిన్, బెంట్లీ, మెక్లారెన్ వంటి బ్రిటిష్ కార్లు కొనేవారు దీనిని గమనంలో ఉంచుకోవాలి. పాత సుంకం చెల్లించి వచ్చిన కారుకు కొత్త సుంకపు కారుతో పోటీ వస్తే తరుగు పెరగక తప్పదు.

ఒకే పేరు, వేరు రకాలు

బెల్లంలో రకాన్ని బట్టి ధర ఉన్నట్లే ఈ కార్లలో తయారైన ఏడాదిని బట్టి పోషణ మారుతుంది. 1990 దశకపు ఫెరారీ ఎఫ్355లో టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజను క్రిందికి దించవలసి వస్తుంది. 2004లో వచ్చిన ఎఫ్430 నుంచి బెల్టు స్థానంలో గొలుసు వచ్చింది. 1990 దశకం చివర నుంచి 2008 వరకు వచ్చిన కొన్ని పోర్షే 911, బాక్స్‌స్టర్ ఇంజన్లలో ఒక బేరింగు దెబ్బతిని ఇంజను మొత్తం పాడైన సందర్భాలు ప్రపంచమంతటా తెలిసినవే. పాత రకం తక్కువకు వస్తున్నదంటే ఇటువంటి ఖర్చు ఆ ధరలో ముందే తగ్గి ఉండవచ్చు.

ధర పెరిగే కార్లు లేకపోలేదు. ఫెరారీ 250 జి.టి.ఓ. 1962-64 మధ్య 36 మాత్రమే తయారైనవి. వాటిలో ఒకటి 2023 నవంబరులో న్యూయార్కు వేలంలో 5 కోట్ల 17 లక్షల డాలర్లు పలికింది. అయితే ఆ వేలానికి, మామూలు వరుసలో వేల సంఖ్యలో తయారైన స్పోర్ట్స్ కారుకు సంబంధం లేదు. అరుదైన రకాలలో కూడా 1989-90లో ఆకాశానికంటిన ధరలు ఆ వెంటనే కుప్పకూలి, తేరుకోవడానికి ఏళ్ళు పట్టినవి.

కాగితాలు, సరుకు పరీక్ష

వేరే రాష్ట్రం కారు అయితే అక్కడి రవాణా అధికారి నిరభ్యంతర పత్రానికి ఫారం 28, యాజమాన్య బదిలీకి ఫారాలు 29, 30, ఫైనాన్సు తీరినట్లు ఫారం 35 అవసరం. అమ్మినవారు అదే రాష్ట్రంలో 14 రోజులలో, వేరే రాష్ట్రమైతే 45 రోజులలో బదిలీ విషయం తెలియజేయాలి. బీమా బదిలీకి 14 రోజుల గడువు ఉన్నది. ఏడాదికి మించి ఇక్కడ ఉంచే కారుకు ఇక్కడి రిజిస్ట్రేషన్ తప్పదు. పన్ను తక్కువని యానాంతో సహా పుదుచ్చేరి ప్రాంతంలో రిజిస్టరైన కారు చవకగా కనిపించినా, ఇక్కడి జీవితకాలపు పన్నును ధరకు కలిపిన తర్వాతనే పోల్చాలి.

కారు తక్కువ తిరిగిందన్నది ఒక్కటే సుగుణం కాదు. టైరు పక్క గోడపై కోడులోని చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, ఏడాదిని తెలుపుతాయి. 2419 అని ఉంటే 2019లో 24వ వారం. తిరగకపోయినా రబ్బరు గట్టిపడుతుంది. 2015లో చెన్నైలోను, 2020 అక్టోబరులో హైదరాబాదులోను వరదలలో ఎన్నో కార్లు మునిగాయి. సీటు క్రింద పట్టాలకు తుప్పు, తివాచీ క్రింద ఒండ్రు ఉన్నవేమో చూడాలి. మునిగిన కారు ఎంత తక్కువకు వచ్చినా గిట్టదు.

నర్సీపట్నంలో ఇటువంటి కార్లకు అధీకృత వర్క్‌షాపు లేదు. చింతపల్లి ఘాటు వంటి రోడ్లపై నేలకు దగ్గరగా ఉండే కారుకు అడుగు భాగం తగిలే ఆస్కారం ఎక్కువ. ప్రతి సర్వీసుకు కారును లారీపై నగరానికి పంపే ఖర్చును పోషణ పద్దులో వ్రాసుకోవాలి. కొనే ముందే అధీకృత వర్క్‌షాపులో పరీక్ష చేయించి, వచ్చే రెండేళ్ళలో మార్చవలసిన భాగాల జాబితా వ్రాతపూర్వకంగా తీసుకొంటే, ఆ మొత్తాన్ని ధరలో తగ్గించమని అడగడానికి ఆధారం ఉంటుంది.

బయానా ఇచ్చే ముందు కాగితంపై మూడు అంకెలు వేసుకోవడం క్షేమం: మూడేళ్ళకు వచ్చే కనీస అమ్మకపు ధర, ఏటి పోషణ, ఏటి వడ్డీ. ఏటి తరుగుతో కలిపి ఇవి సరదా క్రింద భరించగల మొత్తమైతే కారు కొనవచ్చు. బెల్లం, చింతపండు సీజనులో సరుకు కొనడానికి ఉంచిన పెట్టుబడిని అందుకు కదపవలసి వస్తే, అడిగిన ధర ఎంత తక్కువైనా ఆ బేరం ఖరీదైనదే.