ఫ్లాష్ పెట్టాక షట్టర్ స్పీడ్‌తో పనేమిటి? అపోహలు – వాస్తవాలు

మేడ్చల్ రోడ్డు వెంట ఫంక్షన్ హాళ్లు, శామీర్‌పేట చెరువు చుట్టుపక్కల ప్రీ వెడ్డింగ్ షూట్‌లు. ముహూర్తాలు మొదలైతే ఈ శివార్లలో ఫ్లాష్ వెలగని సాయంత్రం ఉండదు. కొత్తగా కెమెరా పట్టినవాళ్లు చాలామంది సీనియర్ల దగ్గర ముందుగా నేర్చుకునే మాట ఒకటే: ‘ఫ్లాష్ పెడితే 1/125లో ఉంచు, ఇక ముట్టుకోకు.’ ఆ అంకెలో తప్పు లేదు. అయితే ఆ అంకె ఎందుకో తెలియకపోతే, వెలుగు మారిన ప్రతిచోటా ఫొటో చేయి దాటిపోతుంది.

తెలుసుకోవాల్సిన అసలు సంగతి చిన్నదే. ఫ్లాష్‌తో తీసే ప్రతి ఫొటోలో రెండు వెలుగులు కలుస్తాయి. ఎండ, సంధ్య, హాల్లో దీపాలు... ఇలా ఆ చోట ముందే ఉన్న వెలుగు ఒకటి. ఫ్లాష్ ఇచ్చేది రెండోది. షట్టర్ స్పీడ్ ఏలేది ప్రధానంగా మొదటిదాన్నే. చాలా అపోహలు ఈ తేడా తెలియకే పుడుతున్నాయి.

అపోహ 1: షట్టర్ స్పీడ్ పెంచితే ఫ్లాష్ వెలుగు తగ్గుతుంది.

వాస్తవం: సింక్ స్పీడ్, అంటే సెన్సర్ ఒక్క క్షణమైనా పూర్తిగా తెరుచుకునే గరిష్ఠ షట్టర్ వేగం, దాటనంత వరకు తగ్గదు. ఫ్లాష్ కళ్లు మూసి తెరిచేలోపే వెలిగి ఆరిపోతుంది. షట్టర్ 1/50 సెకను తెరిచి ఉన్నా, 1/200 సెకను తెరిచి ఉన్నా ఆ మెరుపు మొత్తం సెన్సర్‌కు అందుతుంది. మారేది బ్యాక్‌గ్రౌండే. 1/50 నుంచి 1/200కు వెళ్తే హాల్లోని దీపాల వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఫ్లాష్‌ను మాన్యువల్‌లో పెట్టి, అపర్చర్, ఐఎస్‌ఓ కదపకుండా రెండు ఫొటోలు తీసి చూడండి. మనిషి మీద పడ్డ ఫ్లాష్ అలాగే ఉంటుంది, వెనక మండపం మసకబారుతుంది. ఫ్లాష్ వెలుగును మార్చాలంటే దాని పవర్, దూరం, అపర్చర్, ఐఎస్‌ఓ చూసుకోవాలి.

అపోహ 2: ఫొటోలో నల్లటి పట్టీ వస్తే ఫ్లాష్ పాడైనట్టే.

వాస్తవం: చాలాసార్లు ఫ్లాష్ బాగానే ఉంటుంది, సింక్ స్పీడ్ దాటి ఉంటారు. మన డీఎస్‌ఎల్‌ఆర్, మిర్రర్‌లెస్ కెమెరాల్లో సెన్సర్ ముందు రెండు కర్టెన్లు ఉంటాయి. మొదటిది తెరుస్తుంది, రెండోది మూస్తుంది. చాలా మోడళ్లలో సుమారు 1/200 లేదా 1/250 వరకే సెన్సర్ ఒక్క క్షణమైనా పూర్తిగా తెరుచుకుంటుంది. అంతకంటే వేగం పెంచితే మొదటి కర్టెన్ చివరికి చేరకముందే రెండోది బయల్దేరుతుంది. మధ్యలో సన్నటి సందు మాత్రమే జరుగుతూ పోతుంది. అప్పుడు ఫ్లాష్ వెలిగితే, కర్టెన్ కప్పిన భాగానికి ఆ వెలుగు అందదు. అదే నల్లటి పట్టీ.

కెమెరాతో మాట్లాడగలిగే ఫ్లాష్‌ను పైన బిగిస్తే చాలా కెమెరాలు ఆ హద్దు దాటనివ్వవు. చవక మాన్యువల్ ట్రిగ్గర్‌తో ఆ రక్షణ ఉండదు. పైగా కొన్ని ట్రిగ్గర్లు కాస్త ఆలస్యంగా స్పందిస్తాయి. అలాంటప్పుడు 1/160కో 1/125కో దిగాలి. సీనియర్లు చెప్పే 1/125 వెనక ఉన్న జాగ్రత్త ఇదే.

అపోహ 3: జారే తలంబ్రాలు గాల్లో ఆగినట్టు రావాలంటే 1/1000 కావాల్సిందే.

వాస్తవం: ఫ్లాష్ ప్రధాన వెలుగైతే కదలికను ఆపేది దాని మెరుపే. నికాన్ ఎస్‌బీ-900 ఫ్లాష్ పూర్తి పవర్‌లో సుమారు 1/880 సెకను వెలుగుతుంది. 1/128 పవర్‌లో ఆ మెరుపు 1/38,500 సెకనుకు కుదించుకుపోతుంది. అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ 1964లో తూటా యాపిల్‌ను చీల్చుకుపోయే క్షణాన్ని పట్టుకున్నది కూడా అతి స్వల్పమైన ఫ్లాష్ మెరుపుతోనే.

ఇందులో ఒక షరతు ఉంది. హాలు వెలుగు ఫ్లాష్ కంటే బాగా తక్కువగా నమోదు కావాలి. లేదంటే ఫ్లాష్ పట్టిన స్పష్టమైన బియ్యపు గింజ పక్కనే దీపాలు గీసిన మసక చార కనిపిస్తుంది. 1/200, తక్కువ ఐఎస్‌ఓ, దగ్గరగా పెట్టిన తక్కువ పవర్ ఫ్లాష్... తలంబ్రాలకు మంచి కలయిక.

అపోహ 4: హై స్పీడ్ సింక్ ఉంటే పగటిపూట ఇక సమస్యే లేదు.

వాస్తవం: సింక్ స్పీడ్ దాటాక కూడా ఫ్లాష్ వాడనిచ్చే ఆ సౌకర్యానికి చెల్లించే మూల్యం ఎక్కువ. మధ్యాహ్నం చెరువు గట్టున నేరుగా పడే ఎండలో, ఐఎస్‌ఓ 100, 1/200 పెడితే అపర్చర్ ఎఫ్/11 దగ్గర ఉండాలి. వెనక దృశ్యం మెత్తగా మసకబారాలని ఎఫ్/2.8 కోరుకుంటే షట్టర్ 1/3200కు పోవాలి. హై స్పీడ్ సింక్‌లో ఫ్లాష్ ఒక్కసారి మెరవదు. ఆ సన్నటి సందు సెన్సర్ దాటేదాకా వరుసగా కొట్టుకుంటుంది. అందులో సందుకు అందేది కొంతే. అందుకే వెలుగు బాగా తగ్గుతుంది, ఫ్లాష్ వేడెక్కుతుంది, బ్యాటరీ త్వరగా దిగుతుంది. ఇక్కడ షట్టర్ పెంచేకొద్దీ ఫ్లాష్ వెలుగు కూడా తగ్గుతుంది.

దీనికి ఒక దారి, ఫ్లాష్‌ను మనిషికి వీలైనంత దగ్గరకు తేవడం. దూరం సగమైతే వెలుగు నాలుగింతలవుతుంది. మరో దారి, లెన్స్ ముందు వెలుగును తగ్గించే నాలుగు స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టర్. దాంతో 1/200లోనే ఎఫ్/2.8 వాడొచ్చు.

అపోహ 5: రాత్రి ఫ్లాష్ వేస్తే వెనకంతా నల్లగానే వస్తుంది.

వాస్తవం: బ్యాక్‌గ్రౌండ్‌కు తగినంత సమయం ఇవ్వకపోతేనే అలా వస్తుంది. పొద్దుగుంకాక శామీర్‌పేట చెరువు మీద ఆకాశంలో ఇంకా రంగు మిగిలి ఉంటుంది. ట్రైపాడ్ మీద కెమెరా ఉంచి షట్టర్‌ను 1/15కో, ఇంకా కిందికో దించితే నీళ్లు, ఆకాశం ఫొటోలోకి వస్తాయి. ముఖాలను ఫ్లాష్ చూసుకుంటుంది.

బారాత్‌లో కూడా ఇదే పద్ధతి. చిందులేసే చేతుల వెనక దీపాల చారలు రావాలంటే రియర్ కర్టెన్ సింక్ పెట్టండి. ఫ్లాష్ చివర్లో వెలుగుతుంది కాబట్టి చారలు కదిలేవాళ్ల వెనకే పడతాయి.

అపోహ 6: ఫ్లాష్ ఉంటే ఎల్‌ఈడీ దీపాల మినుకు వల్ల పడే చారలు రావు.

వాస్తవం: ఫ్లాష్ పడిన చోట తగ్గొచ్చు, వెనక గోడ మీద రావొచ్చు. మన కరెంటు 50 హెర్ట్‌జ్. చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. 1/50 లేదా 1/100 పెడితే చాలావరకు చారలు పోతాయి. ఎల్‌ఈడీ వాల్ వేగం వేరు కాబట్టి, ముందుగా పరీక్ష ఫొటో తీసుకోవాలి.

అపోహ 7: సైలెంట్ షట్టర్‌లో కూడా ఫ్లాష్ వాడుకోవచ్చు.

వాస్తవం: ఎక్కువ కెమెరాల్లో ఆ మోడ్‌లో ఫ్లాష్ వెలగదు. మినహాయింపులూ ఉన్నాయి: సెన్సర్ అంతటినీ ఒకేసారి చదివే గ్లోబల్ షట్టర్‌తో 2023లో సోనీ ప్రకటించిన ఏ9 III 1/80,000 వరకు ఫ్లాష్‌తో పనిచేస్తుంది. మన చేతిలోని కెమెరాలకు మాత్రం సింక్ హద్దు ఇంకా ఉంది.

ఆచరణలో వరుస ఇది. ముందు ఫ్లాష్ ఆపేసి, ఆ చోటు మీరు కోరినంత కనిపించేలా షట్టర్ పెట్టండి. తర్వాత ఫ్లాష్ వెలిగించి ముఖానికి సరిపడా పవర్ సర్దండి. మీ కెమెరా సింక్ స్పీడ్ ఎంతో ముహూర్తానికి ముందే మాన్యువల్‌లో చూసి గుర్తుంచుకోండి. పెళ్లివాళ్లు ఎంతో ఆలోచించి ఒక చోటు ఎంచుకుంటారు. వెనకంతా నల్లగా వచ్చిన ఫొటోలో అది శామీర్‌పేటో మరెక్కడో తెలియదు. ఆ చోటును కూడా వాళ్ల ఆల్బమ్‌లోకి చేర్చడం ఫొటోగ్రాఫర్ బాధ్యత.